ఎదురు బండికి చెయ్యెత్తే పద్ధతి

నర్సింహులపేటలో ఎల్లేశ్ ఇల్లెక్కడని అడిగితే, "పండుకొని నడిపే కారు డ్రైవరా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. అవునంటే దారి చూపిస్తారు. ఆ పేరు పెట్టింది మా వాడకట్టు ఐలమ్మ. కారు ఊళ్లోకి వచ్చిన రోజు ఆమె వంగి, ఇంకా వంగి, చివరికి నేల మీద చతికిలబడి లోపలికి చూసి, "గిండ్ల పండుకొని నడుపుడేంది బిడ్డా, పానం మంచిగ లేదా?" అని అడిగింది. ఎల్లేశ్ ప్రాణానికి ఏమీ కాలేదు. ఆ కారులో సీట్లే అట్లా ఉంటాయి. నేను వాళ్ల ఎదురింట్లోనే ఉంటాను కాబట్టి ఈ సంగతిలో సగం కళ్లారా చూసిందే. మిగతా సగం అతని భార్య కళ్యాణి చెప్పింది. చెప్పడంలో ఆమెకు పిసినారితనం లేదు.

ఎల్లేశ్ వయసులో ఎక్కువ భాగం భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్ల మీదే గడిచిపోయింది. అక్కడ పొద్దెక్కేసరికి డ్రైవర్ల మొహాలన్నీ ఒకే రంగులోకి వస్తాయి. ఎదురుగా వచ్చేది ఎవరో మొహం చూసి పోల్చుకోవడం కుదరదు. అయినా చెయ్యెత్తాల్సిందే. ఎత్తకపోతే తర్వాత హోటల్ దగ్గర పట్టుకుని కడిగేసేవాళ్లట. "మనిషికి కాదు, బండికి ఎత్తుతం. లోపల ఎవడుంటే వానికి తాకుతది," అని ఎల్లేశ్ ఇప్పటికీ చెబుతాడు. మోకాళ్లు అరిగిపోయి, మెట్టు దిగినా నొప్పి, ఎక్కినా నొప్పి అయ్యాక ఊరికి తిరిగొచ్చి వెంకట్రాం పటేల్ దగ్గర డ్రైవరుగా చేరాడు.

వెంకట్రాం మొన్నటిదాకా మా మండలానికి ఎంపీపీ. పొలాలున్నాయి, తొర్రూరు రోడ్డు మీద రైస్‌మిల్లు ఉంది, ముందుగా దండం పెట్టించుకునే అలవాటు ఉంది. పదవిలో ఉన్నప్పుడు ఆయన జీపు ఊరు దాటేలోపు ఎంతమంది చేతులెత్తేవారో. ఆయన మాత్రం గడ్డం కొంచెం పైకెత్తేవాడు. అదే బదులు. డ్రైవింగు మాత్రం రాదు. కుర్రతనంలో ఒకసారి ట్రాక్టరెక్కి సొంత పశువుల కొట్టం గోడలోంచి బయటికొచ్చాడు. గేదెలకు ఏమీ కాలేదు కానీ, ఆ తర్వాత ఆయన స్టీరింగు ముట్టలేదు.

ఇక కారు సంగతి. ఆయన కొడుకు హర్షవర్ధన్ హైదరాబాదులో ఉంటాడు. ముచ్చటపడి పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఆ ఏడే నడుం పట్టేసింది. నేలకు జానెడు ఎత్తులో కూర్చునే బండి ఎక్కితే నీ నడుముకు నాది పూచీ కాదని డాక్టరు తేల్చేశాడు. అమ్ముకోవడానికి మనసు రాక, "నాయినా, కొన్ని దినాలు నీ దగ్గరుంచు. ఐతారం ఐతారం హైవే మీద తిప్పిపియ్యి," అని ఊరికి పంపించాడు. అందులో ఉన్నవి రెండే సీట్లు. ఒకటి నడిపే ఎల్లేశ్‌ది, రెండోది యజమానిది. వెంకట్రాం భార్య రాధ గుమ్మంలో నిలబడి చూసి, "ఇద్దరు పట్టే బండ్ల నీ పక్కన ఎల్లేశా? మంచిగున్నది జోడి," అని లోపలికి పోయింది.

మా ఊరి నుంచి హైవే ఎక్కడం ఆ కారుకు పెద్ద యాత్ర. స్పీడు బ్రేకరు వస్తే కారును ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ బతిమాలి దాటించాలి. కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఎండబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఎల్లేశ్ దిగి, రాళ్లు జరిపి, కారు దాటించి, మళ్లీ దిగి, రాళ్లు సర్ది రావాలి. అంత పాటుపడి పాలకుర్తి మీదుగా స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర హైవే ఎక్కేసరికి, ఆ బండి మొదటిసారి బండిలాగా పరుగెత్తేది. భూపాలపల్లిలో రాని సుఖం ఎల్లేశ్‌కు అప్పుడు వచ్చేది. నొప్పి లేదు, దుమ్ము లేదు, వేలితో ముట్టుకుంటే తిరిగే స్టీరింగు. ఇంతకంటే మంచి నౌకరీ నాకు ఈ జన్మలో దొరకదని కళ్యాణితో అన్నాడు.

మొదటి ఆదివారమే చిక్కొచ్చింది. హైదరాబాదు స్పోర్ట్స్ కార్ల వాళ్లు కొందరు ఆదివారాలు పొద్దున్నే గుంపుగా బయల్దేరి, వరంగల్లులో టిఫిన్ తిని పోతుంటారు. ఇడ్లీ కోసం ఇంత దూరమా అని అడక్కండి, నాకూ తెలియదు. ఆ గుంపులోని ఎర్ర కారొకటి డివైడరుకు అవతల ఎదురొచ్చి, లైటు ఒక్కసారి మిణుక్కుమనిపించింది. లోపలున్నాయన స్టీరింగు మీంచి రెండు వేళ్లెత్తాడు. ఎల్లేశ్ చెయ్యి అలవాటుగా లేచింది. వెనకే నీలంది, దాని వెనక తెల్లది. అందరూ ఎత్తారు. ఎల్లేశ్ అందరికీ ఎత్తాడు.

"ఎవరాయిన? నీకు ఎరుకేనా?" అని వెంకట్రాం అడిగాడు.

"నాకెట్ల ఎరుకైతది పటేలా. మీకు తెల్సినోళ్లనుకున్న."

"నాకు తెల్సినోళ్లయితే నాకు పెడ్తరు గద నమస్తే. నీకెందుకు పెడ్తరు?"

దీనికి ఎల్లేశ్ దగ్గర జవాబుంది కానీ, అది టిప్పర్ల జవాబు. పటేల్ పక్కన కూర్చుని చెప్పేది కాదని ఊరుకున్నాడు.

ఇంటికొచ్చాక వెంకట్రాం కొడుక్కి ఫోన్ చేశాడు. హర్ష నవ్వి పద్ధతి అంతా వివరించాడు. స్పోర్ట్స్ కారుకు స్పోర్ట్స్ కారు ఎదురైతే పలకరించుకోవాలి, ముఖపరిచయం అక్కర్లేదు. ముందు చూసినవాడు ముందు ఎత్తాలి. రెండు వేళ్లు చాలు, చెయ్యంతా ఊపితే కొత్తవాడని నవ్వుకుంటారు. హారన్ కొట్టడం మోటు. ఎంత ఖరీదైనదైనా ఎత్తు కారుకు మాత్రం ఎత్తకూడదు. బదులివ్వకుండా పోవడమంటే మాత్రం పెద్ద తప్పు.

"మరి పక్క సీట్ల కూసున్నోనికి?" అని వెంకట్రాం అడిగాడు.

"పక్క సీటోన్ని ఎవరు చూస్తరు నాయినా? నడిపెటోనికే," అన్నాడు హర్ష.

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. ఎదురు కార్లు పోయేది కుడి పక్కన, స్టీరింగు ఉండేదీ కుడి పక్కనే. ఎడమ పక్క కూర్చున్న మాజీ ఎంపీపీ వాళ్లకు కనిపించడు. కనిపించినా లెక్కలోకి రాడు.

మరుసటి ఆదివారం హైవే ఎక్కగానే హుకుం జారీ అయింది. "ఇగ నువ్వు చెయ్యెత్తకు. నేనెత్తుత." ఎల్లేశ్ సరేనన్నాడు. ఎర్ర కారు ఎదురైంది. వెంకట్రాం తన ఎడం నుంచి కుడికి వాలిపోయి, ఎల్లేశ్ ముక్కు ముందు రెండు వేళ్లు నిలబెట్టాడు. ఎల్లేశ్‌కు రోడ్డు బదులు పటేల్ ఉంగరం కనబడింది. కారు డివైడరు వైపు జరిగి, మళ్లీ ఎల్లేశ్ పుణ్యాన దారికొచ్చింది.

"గిట్లయితే ఇద్దరం పోతం పటేలా," అన్నాడు ఎల్లేశ్ మెల్లగా.

అప్పుడు వెంకట్రాం ఎడమ అద్దం దించి చెయ్యి బయట పెట్టి చూశాడు. అవతలి వాళ్లకు అది కనబడే దారే లేదు. పెంబర్తి దగ్గర రోడ్డు పక్కన సంచితో నిలబడిన ఒక ముసలాయన మాత్రం చూశాడు. తన కోసమే చెయ్యి చూపి ఆపుతున్నారనుకుని సంచి చంకన పెట్టుకుని కారు వెంట పరుగెత్తాడు. పాపం అనిపించి ఎల్లేశ్ ఆపాడు. ఆయన వంగి లోపల చూసి, "ఇద్దరికే జాగ లేదు, మళ్ల చెయ్యెందుకు చూపినవయ్యా?" అని వెంకట్రాంను తిట్టి పోయాడు. ఎంపీపీగా ఉన్నప్పుడు ఆయన్ని మొహం మీద ఎవరూ అట్లా అనలేదు.

ఆ సాయంత్రమే వెంకట్రాం డ్రైవింగు నేర్చుకుంటానని ప్రకటించాడు. నేర్పవలసింది ఎల్లేశ్. ఊళ్లో నేర్పగలవాళ్లు ఇంకా ఉన్నారు కానీ, కొట్టం గోడ సంగతి తెలియనివాళ్లు లేరు. అంతమందిలో ఎల్లేశ్ ఒక్కడే ఆ రోజు నవ్వలేదట, అప్పుడతను చిన్నపిల్లవాడు కాబట్టి. అందుకని పటేల్‌కు అతని ముందు సిగ్గు లేదు.

ఎల్లేశ్ మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. పటేల్‌కు నడపడం వచ్చి లైసెన్సు చేతికొస్తే, ఆ రెండో సీటు రాధమ్మది అవుతుంది. జీపు ఎలాగూ అమ్మేశారు. ఇక తనకు మిగిలేది మళ్లీ టిప్పరే. ఈ మోకాళ్లతో టిప్పరెక్కడం ఎట్లాగో దేవుడికే తెలియాలి.

"నేర్పనంటే ఈరోజే తీసేస్తడు. నేర్పితే నెలైనంక తీసేస్తడు," అన్నాడు అన్నం కలుపుతూ.

కళ్యాణి చారు పోసి, "నేర్పు. మా అత్త నాకు వంట నేర్పినట్టు నేర్పు," అంది. "అంత చెప్పింది గానీ, ఉప్పు ఎప్పుడెయ్యాల్నో చెప్పలే. మూడేండ్లు ఈ ఇంట్ల వంట ఆమెదే."

ఆ సలహా ఎల్లేశ్‌కు చారుతో పాటు లోపలికి దిగింది.

సీజన్ అయిపోవడంతో మా ఊరి వడ్ల కొనుగోలు సెంటరు ఖాళీగా ఉంది. పాఠాలు అక్కడ. గేర్లు వాటంతటవే మారే బండి కాబట్టి దాచిపెట్టుకోవడానికి ఎల్లేశ్‌కు పెద్దగా ఏమీ లేదు. బ్రేకు చెప్పాడు, అద్దాలు చెప్పాడు, మలుపు చెప్పాడు. ఒకే ఒక్కటి చెప్పలేదు. స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీయొచ్చని చెప్పలేదు. పైగా, "రెండు చేతులు స్టీరింగు మీదనే ఉండాలె పటేలా. చెయ్యి తీసినమంటే బండి మన మాట వినది," అని రోజూ మంత్రంలా చెప్పాడు. చెయ్యి తీయనివాడు చెయ్యెత్తలేడు. చెయ్యెత్తలేనివాడికి ఆ కారు నడిపీ లాభం లేదు. తానుగా విసిగి సీటు దిగుతాడని ఎల్లేశ్ లెక్క.

లెర్నింగ్ లైసెన్సు వచ్చింది. అసలు టెస్టుకు మహబూబాబాద్ పోవాలి. ఆలోపు పక్కన లైసెన్సు ఉన్నవాడు కూర్చోవాలి కాబట్టి ఎల్లేశ్ కొలువుకు అప్పటిదాకా ఢోకా లేదు. కారుకు ఎర్రటి ఎల్ అక్షరం అంటించాలంటే వెంకట్రాం ఒప్పుకోలేదు. ఆ బండి మీద ఆ అక్షరం చూస్తే జనగామ జిల్లా అంతా నవ్వుతుందన్నాడు. రాధ ముందొకటి వెనకొకటి, ఊడకుండా తన చేత్తోనే అంటించింది.

టెస్టు ఇంకో రెండు రోజులుందనగా ఆదివారం వచ్చింది. వెంకట్రాం తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. స్పీడు బ్రేకర్లన్నీ తానే బతిమాలాడు. స్టేషన్ ఘన్‌పూర్ దాటి, జనగామ వైపు హైవే మీద కారు తిన్నగా, పద్ధతిగా పోతోంది. నేర్పినవాడి గొప్ప అని ఎల్లేశ్‌కు లోపల గర్వంగానే ఉంది. కళ్లు మాత్రం డివైడరుకు అవతలే ఉన్నాయి.

దూరంగా ఎర్ర చుక్క కనబడింది.

"వస్తున్నరు పటేలా."

"చూసిన," అన్నాడు వెంకట్రాం.

ఎర్ర కారు దగ్గరకొచ్చింది. లైటు మిణుక్కుమంది. లోపలాయన ఎల్ అక్షరం చూసినట్టున్నాడు, రెండు వేళ్లు చాలవనుకుని చెయ్యంతా ఎత్తి నవ్వాడు. వెంకట్రాం ఎడమ చేతి చూపుడు వేలు స్టీరింగు మీంచి కొంచెం లేచింది. కారు ఇంచు జరిగినట్టనిపించి వేలు వెంటనే అతుక్కుపోయింది. ఎర్రది పోయింది. నీలంది వచ్చింది, చెయ్యెత్తింది, పోయింది. తెల్లది అద్దం దించి మరీ ఎత్తింది. దాని వెనక ఇంకో రెండు. ఇన్నాళ్లూ ఎవరి కోసం ఎదురుచూశాడో వాళ్లంతా వరుసగా వచ్చి, ఆయనకే, ఆయన ఒక్కడికే నమస్తే చెప్పి వెళ్లిపోయారు. ఆయన రెండు చేతులూ స్టీరింగును పట్టుకుని వదల్లేదు. ఎల్లేశ్ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఎత్తొద్దన్నది పటేలే కదా.

"పోయినరా?" అని అడిగాడు వెంకట్రాం.

"పోయినరు."

రోడ్డు పక్కన చెట్టు నీడకు తీసి కారు ఆపాడు. దిగలేదు. చేతులింకా స్టీరింగు మీదే ఉన్నాయి. తిడతాడని ఎల్లేశ్ సిద్ధంగా కూర్చున్నాడు. వెంకట్రాం తిట్టలేదు.

"ఎల్లేశా, పదవి పోయినంక ఊర్ల నాకు నమస్తే పెట్టెటోళ్లు ఎంతమంది ఉన్నరో నీకెరుకే," అన్నాడు. "పెట్టెటోళ్లు గూడ పని ఉంటేనే పెడ్తరు. బియ్యం కార్డు, పింఛను, బ్యాంకుల మాట చెప్పుమని. ఈళ్లకు నాతోని ఏం పని? నేనెవరో గూడ తెల్వదు. అయినా చెయ్యెత్తుతరు. అదొక్కటి నాకు కావాలనిపిచ్చింది. వచ్చినంక గిట్ల బిగుసుకపోయిన. నన్ను ఎంత పొగరుబోతనుకున్నరో."

ఆ మనిషి మీద ఎల్లేశ్‌కు అంత జాలి ఎప్పుడూ కలగలేదు. తన మీద తనకు అంత అసహ్యమూ కలగలేదు. "నేను నడుపుత పటేలా, ఇటు రాండ్రి," అని మాత్రం అన్నాడు.

ఇంట్లో కళ్యాణి అన్నం పెడితే ఎల్లేశ్ కెలికి వదిలేశాడు. ఉప్పు తక్కువైందా అని ఆమె అడిగింది. "ఉప్పు మాట తియ్యకు," అన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి, "ఉన్న నౌకరీ రేపటితోని పోతది. దాచిన పాఠం చెప్పొస్త," అన్నాడు. కళ్యాణి అతని మొహం చూసి, వాదించి లాభం లేదని పళ్లెం తీసేసింది.

సోమవారం పొద్దున్నే ఎల్లేశ్ తన పాత ఎక్సెల్ మోపెడ్ వేసుకుని పటేల్ ఇంటికి పోయాడు. "కొనుగోలు సెంటరు కాడికి రాండ్రి పటేలా. ఒక పాఠం మిగిలున్నది," అన్నాడు.

అక్కడ రెడ్యా, ఇంకో ఇద్దరు ముగ్గురు హమాలీలు వడ్ల మీద కప్పే టార్పాలిన్ పట్టాలు మడతేస్తున్నారు. ఎల్లేశ్ వెంకట్రాంను కారులో ఒక్కణ్నే కూర్చోబెట్టి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఆయన కుడి చేతిని స్టీరింగు మీద గట్టిగా అదిమాడు. ఎడమ చేతి మణికట్టు పట్టుకుని పైకి తీశాడు. "ఒక్క చెయ్యి చాలు బండికి. ఇది ఊరికెనే ఉన్నది. ఎత్తుండ్రి. బండేం కాదు, నేను చెప్తున్న. అటుపొంటి నేనొస్త. నేను చెయ్యెత్తుత, మీరు ఎత్తాలె."

అట్లా మొదలైంది. ఈ చివర నుంచి పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు, ఆ చివర నుంచి ఎక్సెల్ బండి. ఎల్లేశ్ చెయ్యెత్తేవాడు. వెంకట్రాం ఎత్తబోయి బ్రేకు తొక్కేవాడు. మళ్లీ వెనక్కి. ఈసారి చెయ్యి లేచేది, కారు తాలు బస్తాల వైపు పోయేది. రెడ్యా వాళ్లు పట్టాలొదిలేసి గోడెక్కి కూర్చున్నారు. ఎండ ఎక్కింది. ఇద్దరి చొక్కాలూ తడిసిపోయాయి. నేను అటుగా పోతూ ఆగాను. ఆగానంటే ఆగాను, ఆ రోజు నా పనేమీ కాలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా ఎక్సెల్ మళ్లీ ఎదురొచ్చింది. ఈసారి ఎల్లేశ్ చెయ్యెత్తకముందే, కారులో వెంకట్రాం చెయ్యి లేచింది. రెండు వేళ్లు కాదు, అరచెయ్యంతా తెరిచి, భుజం పైదాకా ఎత్తాడు. కారు గీత గీసినట్టు తిన్నగా పోయింది. ముందు చూసినవాడు ముందు ఎత్తాలన్న పద్ధతి ఆయనకు గుర్తున్నట్టుంది. నాకు తెలిసి వెంకట్రాం పటేల్ ఈ ఊళ్లో ఎవరికీ ముందుగా చెయ్యెత్తింది లేదు.

ఎల్లేశ్ బండి ఆగిపోయింది. రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని అట్లాగే చూస్తూ నిలబడ్డాడు.

కారు కొంచెం ముందుకు పోయి ఆగి, మెల్లగా వెనక్కొచ్చింది. అద్దం దిగింది.

"ఏందిరా, ఎత్తినోనికి తిరిగి ఎత్తవా?" అన్నాడు వెంకట్రాం.

ఎల్లేశ్ హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి ఎత్తాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా ఆ చెయ్యే పనికొచ్చింది. "రేపు టెస్ట్‌ల పాసైతరు పటేలా. ఇగ నాతోని పని లేదు," అన్నాడు.

"ఎందుకు లేదు? నా లైసెన్సును నమ్మి నా పక్కన కూసోనన్నది రాధ. తనే నేర్చుకుంటదట. ఎల్లుండి నుంచి ఆమెకు నేర్పాలె," అని వెంకట్రాం అద్దం ఎత్తబోయి ఆగాడు. "ఆమెకు మాత్రం చెయ్యెత్తుడు మొదటి రోజే నేర్పు."